పార్టీలో వర్గపోరు, గల్లీలో ఆగిన పైపులు: హైదరాబాద్ నియోజకవర్గంలో ఒక అధ్యయనం

2023 అసెంబ్లీ ఎన్నికలకు కొన్ని నెలల ముందు, హైదరాబాద్‌లోని ఒక నియోజకవర్గంలో టికెట్ దాదాపు ఖాయమైన నాయకుడి మనుషులు మా దగ్గరకు వచ్చారు. వాళ్లు అడిగింది ఒక్కటే: "రెండో వర్గం వల్ల మాకు ఎన్ని ఓట్లు పోతాయి?" రెండో వర్గమంటే అదే పార్టీలో టికెట్ తనకే దక్కాలని పట్టుబట్టి, దక్కదని తెలిశాక అలిగి కూర్చున్న మరో నాయకుడిది. ఇద్దరికీ వేర్వేరు ఆఫీసులు, వేర్వేరు వాట్సాప్ గ్రూపులు, బోనాలకు వేర్వేరు ఫ్లెక్సీలు. నగర పేజీల్లో వీళ్ల కుమ్ములాట గురించి తరచూ వార్తలు వచ్చేవి.

ఎన్నికల సర్వేల్లో నేను చూసేది మాటల పని. జనాన్ని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, వాళ్లు మాట్లాడుకుంటుంటే వినడం, విన్నదాన్ని విడమరచి రాయడం. ఎన్ని ఓట్లు పోతాయో చెప్పలేమని మొదటి సమావేశంలోనే తేల్చేశాం. "ఈ గొడవ చూసి ఓటు మారుస్తారా?" అని అడిగితే ఎవరైనా ఆ క్షణానికి పెద్దమనిషి తరహాగా అనిపించే జవాబే ఇస్తారు. దాన్ని శాతాల్లోకి మార్చి రంగుల పటం గీస్తే చూడముచ్చటగా ఉంటుంది, అంతకుమించి దేనికీ పనికిరాదు. గొడవ సంగతి జనానికి ఎలా చేరుతోంది, దాన్ని ఏమని అర్థం చేసుకుంటున్నారు, వాళ్ల రోజువారీ బతుకుకు అది ఎక్కడ అడ్డుపడుతోంది అన్నవి మాత్రం తెలుసుకోగలమన్నాం. అయిష్టంగానే ఒప్పుకున్నారు. సంఖ్య లేని సర్వే నాయకులకు ఉప్పు లేని పప్పు.

పార్టీ పేరు, నియోజకవర్గం పేరు ఇక్కడ రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను కాస్త మార్చాను. అభ్యర్థి గెలిచారా ఓడారా అన్నదీ చెప్పను. ఆ ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాల్లో ఎంఐఎంకు 7, బీఆర్ఎస్‌కు 7, బీజేపీకి 1 దక్కాయి, కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. ఫలితం చెబితే సగం గుట్టు విప్పినట్టే.

పని చేసిన తీరు

పోలింగ్ బూత్‌ల పాత ఫలితాలు చూసి మూడు రకాల చోట్లు ఎంచుకున్నాం: నాలా పక్కనున్న బస్తీలు, పాత మధ్యతరగతి కాలనీలు, ఈ మధ్య లేచిన అపార్టుమెంట్లు. గుంపుకు ఏడెనిమిది మంది. ఆడవాళ్లను, మగవాళ్లను విడివిడిగా కూర్చోబెట్టాం. కలిపి కూర్చోబెడితే రాజకీయం మాట రాగానే ఆడవాళ్లు "ఆయనను అడగండి" అని భర్త వైపు చూపిస్తారు. పార్టీ కార్యకర్తల ఇళ్లను ముందే పక్కన పెట్టాం. అయినా ప్రతి బస్తీలోనూ "మేం చెబుతాం సార్, మాకు అన్నీ తెలుసు" అంటూ ఎవరో ఒకరు కుర్చీ లాక్కుంటారు. అలాంటివారికి టీ ఇచ్చి, పక్క గదిలో ఇంకో ప్రశ్నపత్రం ఇచ్చి నింపమనడం మా పాత ఉపాయం. వాళ్లూ సంతోషిస్తారు, మా పనీ సాగుతుంది.

గొడవ ప్రస్తావన మేముగా ఎత్తకూడదన్నది గట్టి నియమం. "మీ పార్టీలో గొడవలున్నాయా?" అంటే ఎవరైనా ఉన్నాయనే అంటారు. లేవంటే అమాయకులనుకుంటామని భయం. అందుకే నీళ్లు, రోడ్డు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు అంటూ మొదలుపెట్టి, ఆ మాటల్లో నాయకుల తగాదా దానంతట అది ఎక్కడ తలెత్తుతుందో గుర్తుపెట్టుకున్నాం. అది ఏ సందర్భంలో వస్తుందన్నదే మాకు కావలసిన ముఖ్యమైన సమాచారం.

ఫ్లెక్సీ చదివే కళ

గొడవ సంగతి టీవీ వల్ల, పత్రికల వల్ల తెలుస్తుందని మమ్మల్ని పిలిచినవారి నమ్మకం. కాలనీల్లో, బస్తీల్లో మేము విన్నది వేరు. ఒక కిరాణా దుకాణదారు ఎదురుగా ఉన్న కూడలిలో బోనాల ఫ్లెక్సీని చూపిస్తూ దాన్ని మాకు పంచాంగంలా చదివి వినిపించారు. పైవరుసలో రాష్ట్ర నాయకులు. నడుమ చేతులు జోడించిన నిలువెత్తు నాయకుడు. అడుగున చిన్న చిన్న గుండ్రాల్లో గల్లీ నాయకుల ముఖాలు. "పోయిన ఏడాది ఎడమవైపు మూడో గుండ్రంలో ఒకాయన ఉండేవాడు. ఈసారి లేడు. ఆ చివర కొత్త ముఖం వచ్చింది. అంటే ఆయన అటు వెళ్లాడు, ఈయన ఇటు వచ్చాడు." వార్తల్లో ఏమన్నారని అడిగితే నవ్వి, "వార్తలు ఎందుకు సార్, ఫొటో ఉంది కదా" అన్నారు.

అదే కాలనీలో వినాయక మండపం చందా పెద్ద సమస్య. ఒకరి దగ్గర తీసుకుంటే రెండో ఆయన ఇవ్వడు. ఇద్దరి దగ్గరా తీసుకుంటే లడ్డూ వేలం రోజు వేదిక మీద మొదటి కుర్చీ ఎవరిదని రగడ. మండపం కుర్రాళ్లు విసిగిపోయి నాయకులెవరినీ పిలవకుండా ఇంటింటా చందా వేసుకున్నారు. ఇద్దరి మీదా వాళ్లకు కోపం లేదు. ఇద్దరినీ పక్కన పెట్టేశారు, అంతే. ఈ పక్కన పెట్టడం అన్నదాన్ని ఏ సర్వే ప్రశ్నా పట్టుకోలేదు.

పైపులు

నాలా పక్క బస్తీలో ఆడవాళ్ల గుంపుతో కూర్చున్నప్పుడు అసలు విషయం బయటపడింది. గల్లీ మొదట్లో సిమెంటు పైపులు వరసగా పడి ఉన్నాయి. చాలాకాలంగా ఉన్నట్టు తెలుస్తూనే ఉంది: ఒకదానిలో కుక్క ఈనింది, ఇంకోదాని మీద ఎవరో బట్టలు ఆరేశారు. డ్రైనేజీ పని మంజూరైంది. ఒక నాయకుడు వచ్చి శంకుస్థాపన చేశారు. ఆ పని తెచ్చింది తానేనంటూ వారం తిరగకుండానే రెండో నాయకుడు మళ్లీ కొబ్బరికాయ కొట్టారు. మొదటి శిలాఫలకం ఒక రాత్రి పగిలిపోయింది. ఎవరు పగలగొట్టారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. కాంట్రాక్టరు గుంతలు తవ్వి, ఎవరి మాట వినాలో తేలక పని ఆపేశాడు. తర్వాతి వానకు మురుగునీళ్లు గడప దాటి వంటింట్లోకి వచ్చాయి.

"రాయి మీద ఎవరి పేరైనా రాసుకోండి అన్నాం అన్నా. పైపు మాత్రం భూమిలో పెట్టండి అన్నాం" అందొక ఆమె, మా కుర్రాడిని చూస్తూ. పక్కనున్న పెద్దావిడ అందుకుని, "ఇద్దరి పేర్లూ రాసుకోమనండమ్మా, రాయి పెద్దదే కదా" అంది. అందరూ నవ్వారు.

అంతవరకు ఊరుకున్న ఒక టైలరింగ్ చేసుకునే ఆమె అప్పుడు నోరు విప్పింది. రేషన్ కార్డులో కూతురి పేరు ఎక్కించుకోవడానికి సిఫారసు కోసం ఒక నాయకుడి ఆఫీసుకు వెళ్లిందట. "నువ్వు వాళ్ల మనిషివి కదమ్మా, అక్కడే అడుగు" అన్నారట. "నేను ఎవరి మనిషినీ కాదు సార్. మా ఆయన ఒకసారి వాళ్ల బైక్ ర్యాలీకి వెళ్లాడు, పెట్రోలు పోయిస్తామన్నారని." ఆ పెట్రోలు ఖరీదు కూతురి పేరు కార్డులోకి ఎక్కకపోవడమని ఆమె లెక్క.

ఈ మాటలు విన్నాక మా ప్రశ్నావళి దిశ మార్చుకున్నాం. ఏ నాయకుడి సిద్ధాంతం ఏమిటి, ఎవరిది న్యాయం అన్నది బస్తీలో ఎవరికీ పట్టదు. పనికోసం ఒక తలుపు తడితే రెండో తలుపు మూసుకుంటుందన్న భయమే వాళ్లకు గొడవ. పార్టీలో ఒక్కడే నాయకుడైతే, ఆయన మంచివాడైనా చెడ్డవాడైనా ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. ఇద్దరైతే ఏ పనికి వెళ్లినా ముందు ఒక వర్గంలో పేరు రాయించుకున్నట్టు అవుతుంది.

బ్రిటన్‌లో 1990లలో కన్సర్వేటివ్ పార్టీ యూరప్ వ్యవహారంలో రెండుగా చీలి కొట్టుకుంది. ప్రధాని జాన్ మేజర్ 1995లో పార్టీ నాయకత్వానికి రాజీనామా చేసి, మళ్లీ పోటీపడి గెలవాల్సి వచ్చింది. 1997లో ఆ పార్టీ చిత్తుగా ఓడింది. చీలిన పార్టీని ఓటరు దండిస్తాడనడానికి అక్కడివారు ఇలాంటి ఉదాహరణలు చూపిస్తారు. అక్కడ ఓటరుకు పార్టీ కనిపించేది విధానాల్లో. మన బస్తీలో మురుగు కాలువకు, రేషన్ కార్డుకు దారి నాయకుడి గుమ్మం మీదుగా వెళ్తుంది. కాబట్టి చీలిక తగిలే చోటు కూడా వేరు.

అపార్టుమెంట్ల సంగతి ఇంకోలా ఉంది. అక్కడ కార్పొరేటర్ పేరే చాలామందికి తెలియదు. కానీ రాష్ట్ర స్థాయి తగాదాలు కొట్టినపిండి: ఎవరు ఎవరిని ఏమన్నారు, ఢిల్లీకి ఎవరు వెళ్లారు, ఎవరి అలక ఎలా తీరింది అన్నీ చెబుతారు, కాస్త వినోదంగానే. ఈ కబుర్ల చివర "అందరూ అంతే" అన్న మాట వస్తుంది. కోపంతో పార్టీ మార్చేవాళ్ల కన్నా పోలింగ్ రోజు ఇంట్లో ఉండిపోయేవాళ్లే ఈ మాట ఎక్కువగా అంటారని నా అనుమానం. 2020 బల్దియా ఎన్నికల్లో పోలింగ్ సగానికి కూడా చేరని నగరం మనది.

పేరు లేని వార్త

తర్వాతి విడతలో ఒక చిన్న ప్రయోగం చేశాం. నాలుగు కల్పిత వార్తలు తయారుచేసి కార్డుల మీద అచ్చువేశాం. అన్నిటిలోనూ ఒకే పార్టీలోని ఇద్దరు నాయకులు బహిరంగంగా తిట్టుకుంటారు. కారణం మాత్రం వేరు: ఒకదానిలో టికెట్, ఒకదానిలో తమ వార్డుకు నిధులు రాలేదన్న ఫిర్యాదు, ఒకదానిలో నిన్న చేరినవాడికి పదవి ఇచ్చారన్న పాత కార్యకర్త ఆగ్రహం, ఒకదానిలో సభలో అవమానం. ముందు పార్టీ పేరు లేకుండా చదివించాం. తర్వాత అవే కార్డులకు పార్టీల పేర్లు తగిలించి, గుంపుకు ఒక రకంగా మార్చి చదివించాం.

పేర్లు లేనప్పుడు టికెట్ గొడవకు ఎవరూ జాలిపడలేదు. నిధుల గొడవకు మాత్రం మెచ్చుకోలు దక్కింది: "పార్టీని కాదని మనకోసం అడిగాడు." అన్నిటికన్నా వేడి పుట్టించింది మూడో కార్డు. "జెండాలు మోసింది వీళ్లు, పదవులు వాళ్లకా?" అన్న మాట దాదాపు అన్ని గుంపుల్లోనూ వినిపించింది, ఏ పార్టీకీ జెండా మోయనివాళ్ల నోట కూడా. ఆఫీసులో తమకన్నా చిన్నవాడికి ప్రమోషన్ ఇచ్చిన కథ, అన్నదమ్ముల ఆస్తి పంపకం కథ వెంటనే అందుకున్నారు. వలస నాయకుల మీద పాతవాళ్ల తిరుగుబాటును క్రమశిక్షణారాహిత్యంగా చూసేది పార్టీ ఆఫీసే. బయటివాళ్లు దాన్ని కష్టపడినవాడి గోడుగా వింటారు.

పేర్లు తగిలించాక కథ అడ్డం తిరిగింది. తమకు నచ్చిన పార్టీ పేరుంటే "నలుగురున్న ఇంట్లో గిన్నెలు తగలవా?" అన్నవాళ్లే, నచ్చని పార్టీ పేరుంటే "పదవుల కోసం కొట్టుకు చస్తున్నారు" అన్నారు. ఇది ఊహించినదే. ఊహించనిది ఇంకొకటి ఉంది. కాంగ్రెస్ పేరున్న కార్డును చాలామంది సగం చదివి పక్కన పెట్టేశారు. "కాంగ్రెస్‌లో గొడవలు లేకపోతే కదా వార్త!" అన్నారొక రిటైర్డ్ ఉద్యోగి. బీజేపీ పేరున్న కార్డును మాత్రం రెండుసార్లు చదివారు. 2023 జులైలో రాష్ట్ర అధ్యక్షుడిగా బండి సంజయ్‌ను తప్పించి కిషన్ రెడ్డిని నియమించిన సంగతి అప్పటికి తాజాగా ఉంది. క్రమశిక్షణ గల పార్టీ అని పేరున్నచోట చిన్న మార్పు కూడా "ఏదో జరిగింది" అనిపించింది. బీఆర్ఎస్ పేరు చూసినవాళ్లు, "అక్కడ నోరు విప్పితే బయటికే కదా, గొడవ ఎక్కడ?" అంటూ 2021లో మంత్రివర్గం నుంచి బయటికి పంపిన ఈటల రాజేందర్‌ను గుర్తుచేశారు. ఒక పార్టీలోని గొడవను జనం ఇంకో పార్టీతో పోల్చి తూచడం లేదు. ఆ పార్టీకి అలవాటైన తీరుతోనే పోల్చుతున్నారు. అదే ఏడాది చివర, గొడవలకు మారుపేరని అందరూ నవ్విన కాంగ్రెస్ 119లో 64 స్థానాలతో రాష్ట్రంలో అధికారంలోకి వచ్చినప్పుడు మా కార్డులు నాకు మళ్లీ గుర్తుకొచ్చాయి.

పెద్దవాళ్ల జ్ఞాపకం

అరవై దాటినవారి గుంపుల్లో మాట ఎక్కడ మొదలైనా 1984కో 1995కో చేరింది. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను తొలగించి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. ఎమ్మెల్యేలను నాచారం రామకృష్ణ స్టూడియోలో కాపాడుకున్న రోజులను నిన్న మొన్నటివిలా చెప్పారు. నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి. 1985 ఎన్నికల్లో ఆయన పార్టీకి 294లో 202 సీట్లు. 1995లో ఎమ్మెల్యేలు వైస్రాయ్ హోటల్‌లో చేరి ఎన్టీఆర్‌కు ఎదురుతిరిగిన ఘట్టం, సెప్టెంబర్ 1న ఆయన అల్లుడు చంద్రబాబు ప్రమాణం. ఆ మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో లక్ష్మీపార్వతి వర్గానికి ఒక్క సీటూ దక్కలేదు, 1999లో చంద్రబాబు నాయకత్వంలో పార్టీకి 180 అసెంబ్లీ సీట్లు వచ్చాయి.

రెండుసార్లూ తిరుగుబాటే. రెండుసార్లూ దించింది ఎన్టీఆర్‌నే. అయినా ఈ పెద్దలకు మొదటిది మనం ఇచ్చిన గద్దెను ఢిల్లీవాళ్లు లాక్కోవడం, రెండోది వాళ్లింటి వ్యవహారం. ఎన్టీఆర్‌ను ప్రేమించినవాళ్లు కూడా ఇదే మాట అనడం గమనించాను. పోయినది ఎవరి సొత్తు అన్న ప్రశ్న మీదే తీర్పు నిలిచింది.

తెలంగాణలో దీనికి దగ్గరి జంట హుజూరాబాద్, మునుగోడు. రెండుచోట్లా సొంత పార్టీని వదిలి రాజీనామా చేసి బీజేపీ తరఫున ఉప ఎన్నికలో నిలబడినవారే. 2021లో ఆత్మగౌరవం అన్న ఈటల గెలిచారు. 2022లో కాంట్రాక్టు కోసమే వెళ్లారన్న ప్రచారాన్ని ఎదుర్కొన్న కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి ఓడారు. చక్కటి సిద్ధాంతం తయారైందనుకునేలోపు 2023 వచ్చింది: ఈటల హుజూరాబాద్‌లోనూ, గజ్వేల్‌లోనూ ఓడిపోయారు, రాజగోపాల్ రెడ్డి తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చి మునుగోడులో గెలిచారు. గొడవకు జనం పెట్టే అర్థానికి కూడా గడువు తేదీ ఉంటుందన్నంతవరకే నేను చెప్పగలను. 2025 సెప్టెంబర్‌లో కవితను బీఆర్ఎస్ సస్పెండ్ చేయడం, నవంబర్‌లో జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో ఆ పార్టీ ఓడిపోవడం వెంటవెంటనే జరిగేసరికి, రెంటికీ ముడివేసే విశ్లేషణలు చాలా వచ్చాయి. అక్కడ గెలిచిన కాంగ్రెస్‌కు రాష్ట్రంలో అధికారం, ఎంఐఎం మద్దతు, స్థానికంగా పాతుకుపోయిన అభ్యర్థి అన్నీ ఉన్నాయి. ఇంటి గొడవ ఒక్కటే ఓడించిందనేవారి దగ్గర నాకు తెలియని ఆధారమేదో ఉండి ఉండాలి.

ఇచ్చిన సలహా, జరిగింది

నాయకుడి బృందం దగ్గర అప్పటికే ఒక పథకం సిద్ధంగా ఉంది: ఇద్దరూ చేతులు కలిపి పైకెత్తిన ఫొటో, ఉమ్మడి పాదయాత్ర, అధిష్ఠానం నుంచి వచ్చిన పెద్దల సమక్షంలో ఆలింగనం. ఇది ఆపమన్నాం. ముందు పైపులు వేయించండి, శిలాఫలకం పెట్టకండి అన్నాం. ఏ పనికైనా ఏ ఆఫీసుకు వచ్చినా తీసుకుంటామని ఇద్దరి ఆఫీసుల్లోనూ ఒకే బోర్డు, ఒకే ఫోను నంబరు పెట్టమన్నాం. అలిగిన నాయకుడికి ప్రచారంలో కొన్ని డివిజన్ల బాధ్యతను పేరుపెట్టి అప్పగించి, అది జనానికి తెలిసేలా చేయమన్నాం. చివరిది విని ఒకాయన "అంటే ఆయనకు లొంగిపోవాలా?" అన్నారు. డివిజన్లు పోతాయన్న బాధ ఓట్లు పోతాయన్న బాధకన్నా ఎక్కువని అప్పుడు అర్థమైంది.

సగమే చేశారు. ఒక డివిజన్‌లో పైపులు పడ్డాయి, బోర్డు పెట్టారు. పక్క డివిజన్‌లో చేతులు కలిపిన పాదయాత్ర చేశారు. ఇలా విడిపోవడం మాకు కలిసొచ్చింది, పోల్చుకోవడానికి వీలు దొరికింది. పోలింగ్‌కు ముందు మళ్లీ గుంపులను కూర్చోబెట్టాం. పైపులు పడిన బస్తీలో గొడవ ప్రస్తావన వచ్చింది గానీ భూతకాలంలో: "అప్పట్లో వాళ్లిద్దరికీ పడేది కాదు." నిజానికి వాళ్లకు అప్పటికీ పడటం లేదు. పాదయాత్ర జరిగిన చోట ఒక కాలేజీ అమ్మాయి ఫోనులో ఆ వీడియో తీసి మాకు చూపించింది. "చూడండి సార్, చేతులు కలిపారు, ముఖాలు మాత్రం చెరో వైపు. దండ వేసేటప్పుడు కూడా ఈయన ఆయన భుజం మీదుగా కెమెరాను చూస్తున్నాడు." తక్కినవాళ్లు వీడియోను వెనక్కి తిప్పించి మరీ చూశారు. అంతకుముందు గొడవ సంగతి తెలియనివాళ్లకు కూడా ఆ పాదయాత్రతో తెలిసింది.

దీన్ని రుజువు అనను. రెండు బస్తీలూ ఒకేలాంటివి కావు. ఇంట్లోకి మురుగు రావడం ఆగిపోతే మనసు ఎలాగూ మెత్తబడుతుంది. కానీ ఆ తర్వాత ఇతర నియోజకవర్గాల్లో పని చేసేటప్పుడు మా ప్రశ్నావళిలో "ఈ పార్టీలో విభేదాలున్నాయని అనుకుంటున్నారా?" అన్న ప్రశ్నను తీసేశాం. బస్తీల్లో దాని చోట రెండు ప్రశ్నలు అడుగుతున్నాం: మీ వార్డులో పని కావాలంటే ఎవరి దగ్గరకు వెళ్తారు? అక్కడికి వెళ్లారని తెలిస్తే ఇంకెవరికైనా కోపం వస్తుందా? రెండోదానికి జవాబు చెప్పేముందు చాలామంది తలుపు వైపు చూస్తారు. ఆ చూపును నమోదు చేయడానికి ఫారంలో ఒక గడి పెట్టాం. అపార్టుమెంట్లకు పనికొచ్చే ప్రశ్న ఇంకా కుదరలేదు.